సేటు కొసరులో నారింజరంగు గోలీ

ఇస్నాపూర్‌లో రాజేశం సేటు దుకాణానికి పోయినవాళ్లు కొసరు లేకుండా తిరిగి రావడం అనేది ఆ ఊరు ఎరగదు. కిలో కందిపప్పు తూచాక, పొట్లం కట్టే ముందు ఇంకో గుప్పెడు పడాలి. నూనె పోశాక గిన్నెలో మరో చెంచా ఒలకాలి. బెల్లం కొన్నవాళ్ల చేతిలో చిన్న ముక్క విడిగా పెట్టాలి, దారిలో నోట్లో వేసుకోవడానికి. తూకం వ్యాపారానిది, కొసరు మనిషిది అని ఆయన తండ్రి నేర్పిన మాట. ఇప్పుడు సరుకు చాలామటుకు ప్యాకెట్లలో వస్తున్నా ఆ మర్యాదను ఆయన వదల్లేదు. సబ్బు కొన్నవాడి చేతిలో రెండు లవంగాలు పెట్టి పంపుతాడు. సబ్బుకూ లవంగాలకూ పొత్తేమిటని ఎవరూ అడగరు. కొసరుకు లెక్క ఉండదు, బిల్లు ఉండదు, ఎందుకని అడగడమూ ఉండదు.

రాజేశం గురించి పైపైన చెప్పి వదిలేస్తే అన్యాయం అవుతుంది. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆ చదువుతోనే ఇరవయ్యో ఎక్కాన్ని కింది నుంచి మీదికి అప్పజెప్పి, తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు చేత వీపు తట్టించుకున్నాడు. మీసం మొలవకముందే పటాన్‌చెరు అంగడి నుంచి బెల్లం బస్తా వీపున వేసుకుని, నడుమ ఎక్కడా దించకుండా ఇల్లు చేర్చాడు. పాశమైలారంలో ఫ్యాక్టరీలు లేచి, బీహారు నుంచీ ఒడిశా నుంచీ పనివాళ్లు వచ్చి కిరాయి గదుల్లో దిగినప్పుడు, వాళ్ల కూరకు ఆవనూనె కావాలని మొదట పసిగట్టింది ఆయనే. తక్కిన దుకాణాలవాళ్లు పల్లినూనె చూపించి బతిమాలుతుంటే, ఆయన బేగంబజారుకు పోయి ఆవనూనె డబ్బాలు దింపాడు. దానితోపాటు ఒడియాలో క్షేమసమాచారం అడగడం కూడా నేర్చుకొచ్చాడు. బ్యాటరీతో నడిచే కాంటా ఆ రోడ్డు మీద మొదట వెలిగింది ఆయన గల్లా పక్కనే. లాక్‌డౌన్‌లో పనివాళ్లు గదుల్లో ఇరుక్కుపోతే, దుకాణం వెనక డేగిశా పెట్టించి కిచిడీ వండించింది కూడా ఆయనే. ఇవన్నీ ఊరివాళ్లకు ఎలా తెలుసంటే, ఆయనే చెప్తాడు. చెప్పినదాంట్లో అబద్ధం మాత్రం లేదు.

ఇలాంటి మనిషికి కాళ్లు ఎదురు తిరిగాయి.

రెండేళ్ల కింద గుండె దగ్గర ఒక నాళం మూసుకుపోతే, సంగారెడ్డిలో చూపించుకుని స్టెంటు వేయించుకున్నాడు. గుండె కుదురుకుంది. అప్పటి నుంచి కొవ్వు తగ్గడానికి రోజూ ఒక గోలీ వేసుకోవాలి. కొన్నాళ్లకు తొడల్లో బరువు, పిక్కల్లో సలుపు మొదలైంది. దుకాణానికి ఉన్న రెండు మెట్లూ ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని, గోడకు సున్నం ఎట్లా ఉందో చూస్తున్నట్టు చెయ్యి ఆనించి నిలబడేవాడు. భార్య విజయకుమారి ఇది వారం రోజులు చూసింది. ఎనిమిదో నాడు తనే ఆటో పిలిచింది.

డాక్టర్ స్నేహలత సంగారెడ్డిలో గుండె జబ్బులు చూసే డాక్టరు. రక్తపరీక్ష చేయించి, కండరాలు దెబ్బతినలేదని నిర్ధారించుకుని, కొవ్వు గోలీ వల్లనే సలుపు రావచ్చని దాని మోతాదు కొంచెం తగ్గించింది. ఆ తర్వాత ఇంకొకటి ఉంది, వేసుకుని చూడొచ్చని, కోఎంజైమ్ క్యూ టెన్ అనే పేరు చెప్పింది. కొత్త మందేమో అని రాజేశం అడిగాడు.

"మందు గాదు సేటూ. విటమిన్ గూడ గాదు, విటమిన్ లాంటిది. మన ఒంట్ల ప్రతి కణంల ఒక చిన్న పొయ్యి ఉంటది అనుకోండ్రి. అది మండాలంటే ఈ సరుకు కావాలె. ఒళ్లే తయారు చేసుకుంటది. వయసు మీద పడితే తక్కువైతది. మీరేసుకునే కొవ్వు గోలీ గూడ దాన్ని కొంత తగ్గిస్తది."

"అంటే దుకాణంల సరుకు నిండుకున్నట్టు."

"అట్లనే అనుకోండ్రి. బయటికెల్లి తెచ్చి నింపితే మీ కాళ్ల నొప్పి పోతదని మాత్రం నేను మాటియ్య. కొందరికి మేలనిపించింది, కొందరికి ఏం తేడా తెలవలేదు. పరిశోధనలు రెండు తీర్లా ఉన్నయి. మూడు నెలలు చూద్దాం."

నెయ్యో నూనెనో ఉన్న తిండి తిన్నాక వేసుకోవాలని, అప్పుడే ఒంటికి పడుతుందని చెప్పింది. గుండె గోలీల్లో ఒక్కటి కూడా మానొద్దంది. పొద్దునా సాయంత్రం నడవమంది. వేరే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదని కూడా అంది. అన్ని మాటల్లో రాజేశం చెవికెక్కినవి మూడే: సరుకు, పొయ్యి, నెయ్యి.

ఆ సరుకు ఇంట్లోనే దొరికింది. మేడమీద కిరాయికుండే జైపాల్ పాశమైలారంలో ఇలాంటి గోలీలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేస్తాడు. ఉద్యోగుల రేటుకు సీలు వేసిన డబ్బాలు తెచ్చిపెట్టాడు. మెత్తటి గోలీ, లోపల నూనెలో కలిసిన నారింజరంగు సరుకు. వెలుతురుకు పట్టి చూస్తే ఎర్ర కందిపప్పు కన్నా నిగనిగలాడింది. రాజేశం దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, తన వ్యాపారంలో ఇంత అందమైన సరుకు చూడలేదన్నాడు.

నెలన్నర గడిచేసరికి గోడకు సున్నం చూడాల్సిన అవసరం తప్పింది. రెండు నెలలకు చిన్న బియ్యం సంచిని తనే లేపి బల్ల మీద పెట్టాడు. ఆ మధ్యాహ్నం దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ల ముందూ ఆ సంచి కిందికి దిగి మీదికెక్కింది. విజయకుమారి మాత్రం తన వాదన తను వినిపించింది. రెండు పూటలా చెరువు కట్ట దాకా చెయ్యి పట్టి నడిపిస్తున్నది తనే కదా, రోడ్డు పక్క మిర్చిబజ్జీ మాన్పించింది తనే కదా, పైగా డాక్టరమ్మ కొవ్వు గోలీ కూడా తగ్గించె, ఇందులో నారింజరంగు గోలీ గొప్పెంత అని అడిగింది.

"నడిస్తే కాళ్లు అరుగుతయి గానీ పెరుగుతయా?" అన్నాడు రాజేశం.

"ఇన్నేండ్లు గల్లా మీద కూసున్నరు గద. ఏం పెరిగినయి?" అని ఆమె పొట్ట వైపు చూసింది.

ఆయన పొట్ట మీదికి చొక్కా లాక్కుని దుకాణంలోకి పోయాడు. అక్కడ వినేవాళ్లకు కొదవ లేదు. మొదట దొరికింది కూరగాయలమ్మే సోమమ్మ. చింతపండు కొని, మోకాళ్లు పట్టుకుని మెట్టు దిగబోతుంటే వెనక్కి పిలిచి, చింతపండుకు కొసరుగా ఆమె అరచేతిలో ఒక నారింజరంగు గోలీ పెట్టాడు. అన్నంలో నెయ్యేసుకుని తిన్నాక మింగమన్నాడు. మర్నాడు ఫ్యాక్టరీ సెక్యూరిటీ గార్డుకు పెట్టాడు. ఆ తర్వాత పాలు పోసేవాడికి, పిండిగిర్నీ ఆయనకు, బస్‌స్టాప్ దగ్గర పూలమ్మే ఆమెకు. లవంగాల సీసా పక్కన గోలీల సీసా వెలిసింది.

గోలీతోపాటు ఉపన్యాసం కూడా కొసరే. గుండెకు బలం అన్నాడు. తలనొప్పి మాటిమాటికీ వచ్చేవాళ్లకు గుణం చూపిస్తదన్నాడు. బీపీ దించుతది, షుగర్ దగ్గర పెడతది అన్నాడు. ఇవేవీ ఆయన గాల్లోంచి పుట్టించిన మాటలు కావు. జైపాల్ ఫోన్‌లో చూసినవి, డబ్బా మీద సన్నటి అక్షరాల్లో రాసినవి. అయితే అక్కడ "కావచ్చు", "కొందరిలో" అని ఉన్నచోటల్లా ఆయన నోట "ఖాయం", "అందరికీ" అయింది. పాత కాంటా మీద పప్పు తూచినప్పుడు ముల్లు సరిగ్గా మధ్యలో ఆగేదాకా చెయ్యి తియ్యని మనిషి, మాట తూచేటప్పుడు మాత్రం ధారాళంగా మొగ్గనిచ్చాడు. గోలీ కోసమే అగ్గిపెట్టె కొనేవాళ్లు తయారయ్యారు. పెద్దవాళ్లు ఆయన్ను "డాక్టర్ సేటు" అనడం మొదలుపెట్టారు. ఎగతాళికే అన్నా, ఆయనకు అది తియ్యగానే వినిపించింది.

రోడ్డుకు అటువైపు గులాం మొహమ్మద్ పరుపుల దుకాణం. కిరాయి గదుల్లో దిగే పనివాళ్లకు మొదటి పరుపు ఆయన కుట్టిందే, మొదటి చాయపత్తి ప్యాకెట్టు రాజేశం ఇచ్చిందే. ఆ రెండు దుకాణాల మధ్య నలభై ఏళ్లుగా చాయ గ్లాసులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నాలుగేళ్ల కింద గులాం మొహమ్మద్ గుండెలో ఒక కవాటం చెడిపోతే, దాని చోట లోహంతో చేసింది అమర్చారు. చుట్టూ చప్పుడు లేనప్పుడు ఆయన పక్కన కూర్చుంటే గడియారంలా టిక్ టిక్ వినిపిస్తుంది. "గులాం భాయ్‌కి గడియారం కొనే ఖర్చు తప్పింది" అని రాజేశం జోకు. ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఆయన బతికినన్నాళ్లూ రక్తాన్ని పలచగా ఉంచే గోలీ వేసుకోవాలి. నెలకోసారి పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలో ఒక అంకె వస్తుంది. అది హద్దు కన్నా కిందికి పడితే రక్తం చిక్కబడినట్టు, మీదికి పోతే మరీ పలచబడినట్టు. ఆయనను చూసేది కూడా డాక్టర్ స్నేహలతే.

ఆ ఏడాది గులాం మొహమ్మద్, ఆయన భార్య సర్వర్ బేగం ఉమ్రాకు పోవడానికి నిశ్చయించుకున్నారు. మక్కా చూడాలన్నది వాళ్ల పెళ్లినాటి కోరిక. పిల్లల చదువులు, ఇల్లు, ఆపైన ఆపరేషను, ఒక్కొక్కటీ దాటుకుని ఇప్పటికి కుదిరింది. పటాన్‌చెరు నుంచి పోయే యాత్రికుల జమాతులో పేర్లిచ్చారు. యాత్రలో ఒంటికి చుట్టుకునే ఇహ్రాం తెల్లబట్టను గులాం మొహమ్మద్ తనే ఎంచాడు. బతుకంతా దూదితో గడిపిన చెయ్యి అది, ఏ బట్ట వెన్నలా మెత్తగా ఉంటుందో పట్టుకుని చెప్పగలదు.

ఈ కబురు విన్న రాజేశం ఊరుకుంటాడా? కాబా చుట్టూ ఏడు చుట్లు తిరగాలని, ఆ తర్వాత రెండు గుట్టల నడుమ ఏడుసార్లు నడవాలని గులాం మొహమ్మదే చెప్పాడు. మనుమలున్న మనిషి, గుండెలో లోహం, అంత నడక. రాజేశానికి తన కర్తవ్యం స్పష్టంగా కనిపించింది. రోజూ సాయంత్రం చాయపత్తికి కొసరుగా ఒక గోలీ పెట్టేవాడు. ఉమ్రా దగ్గరపడుతున్నకొద్దీ ఒకటి రెండయింది.

ఆ నెల పరీక్షలో గులాం మొహమ్మద్ అంకె కిందికి పడింది. నాలుగేళ్లలో ఎన్నడూ అలా కాలేదు. డాక్టర్ స్నేహలత గోలీ మోతాదు పెంచి, కొత్తగా వేరే మందులేమన్నా వాడుతున్నారా, ఆకుకూరలు ఎక్కువ తింటున్నారా అని అడిగింది. అలాంటిదేం లేదన్నాడు. పది రోజులకు మళ్లీ చూస్తే అంకె పెరగలేదు. అప్పుడామె సంగతి దాచకుండా చెప్పింది. అంకె హద్దులోకి రాకుండా అంత దూరం విమానంలో కూర్చోబెట్టలేనని, లోహం మీద చిన్న గడ్డ కట్టినా ప్రాణం మీదికి వస్తుందని, జమాతు బయల్దేరేలోపు కుదరకపోతే ఈ ఏటికి ఆగిపోవాల్సిందేనని అంది. జమాతు బయల్దేరడానికి ఇంకా మూడు వారాలుంది.

సర్వర్ బేగం సంచులు సర్దడం ఆపేసింది. గులాం మొహమ్మద్ మాత్రం పరుపులు కుడుతూనే ఉన్నాడు. అడిగినవాళ్లకు అల్లా పిలిస్తే పోతామని, పిలవకపోతే ఇక్కడే నమాజు చదువుకుంటామని చెప్పేవాడు. చెప్తున్నప్పుడు మాత్రం చేతిలో సూది ఆగిపోయేది.

స్నేహితుడి మొహం చూసి రాజేశం తట్టుకోలేకపోయాడు. ఈసారి పరీక్షకు తను కూడా వస్తానన్నాడు. డాక్టరమ్మకు తన మాట మీద గురి ఉందని, అన్నీ వివరంగా చెప్తే ఆమె మనసు మార్చుకుంటుందని ఆయన నమ్మకం. డాక్టరు దగ్గర వినాలి గానీ చెప్పొద్దని విజయకుమారి ఆయన వెనకే రోడ్డు దాకా వచ్చి మరీ హెచ్చరించింది. ఇద్దరూ సంగారెడ్డి బస్సెక్కారు. గులాం మొహమ్మద్ దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. రాజేశం దారంతా తన మాటలు కూర్చుకున్నాడు.

అంకె ఈసారి కూడా కిందే ఉంది. డాక్టర్ స్నేహలత కాగితం చూస్తూ తల అడ్డంగా ఊపగానే రాజేశం గొంతు సవరించుకున్నాడు. గులాం భాయ్ ఎంత నిష్ఠగల మనిషో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ నిష్ఠ వెనక తన చెయ్యి ఎంతుందో కూడా చెప్పాడు. ఆపరేషన్‌నాడు రక్తం ఇచ్చినవాళ్లను పోగేసింది తనే. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ క్యారియర్ పంపింది తన ఇంటి నుంచే. నోట్లో ఉన్న గుట్కా ఉమ్మేయించి, మళ్లీ తెస్తే దుకాణం మెట్టెక్కొద్దన్నది తనే. వేళకు గోలీ వేసుకున్నాడా లేదా అని రోడ్డుకు ఇవతలి నుంచి కేక వేసి అడిగేది కూడా తనే.

"గంతెందుకు డాక్టరమ్మా, మీరు నాకిచ్చిన్రు సూడుండ్రి నారింజ గోలీ, అది గూడ ఈయినకు రోజుకు రెండు నేనే కొసరేస్తున్న. తాకత్‌కు ఏం తక్వ జెయ్యలే."

డాక్టర్ స్నేహలత రాస్తున్న కలం ఆగింది.

"ఏం గోలీ? ఎప్పటిసంది?"

రాజేశం సంతోషంగా రెండు నెలలన్నాడు. ఆమె గులాం మొహమ్మద్ వైపు తిరిగింది. "చాచా, వేరే ఏమన్న ఏసుకుంటున్నరా అని రెండుసార్లు అడిగిన గద. లేదన్నరు."

"లేదు డాక్టరమ్మా. అల్లా కసం. మందేం ఏస్కోలే. అది సేటు కొసరు. చాయపత్తి కొంటే ఇస్తడు. కొసరు గూడ చెప్పాల్నా?"

అడిగినదాంట్లో అమాయకత్వమే తప్ప తప్పించుకోవడం లేదు. నలభై ఏళ్లలో రాజేశం దుకాణం నుంచి తెచ్చిన బెల్లం ముక్క గురించి గానీ, గుప్పెడు పప్పు గురించి గానీ ఆయన ఎవరికీ చెప్పింది లేదు. కొన్నది మనం తెచ్చుకున్న సరుకు, కొసరు అవతలి మనిషి పెట్టిన ప్రేమ. దాన్ని లెక్కలోకి తియ్యడం ఆ ఊళ్లో ఎవరికీ తట్టదు.

డాక్టర్ స్నేహలత కోప్పడలేదు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని ఇద్దరికీ అర్థమయ్యేట్టు చెప్పింది. "ఈ సరుకు రూపం కే విటమిన్‌కు దగ్గరగ ఉంటది సేటూ. చాచా ఏసుకునే గోలీ రక్తాన్ని పలచగ ఉంచాలని చూస్తది. కొందరిలో ఇది దానికి అడ్డం పడి దాని పని తగ్గిస్తది. మీ కాళ్లకు మంచి చేసిందే ఈయన గుండెకు ఎదురు తిరగొచ్చు. ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేను. బంద్ చేస్తే తెలుస్తది."

పెంచిన మోతాదు మీద ఇది ఒక్కసారిగా మానేస్తే అంకె ఒక్కసారిగా మీదికి పోవచ్చని, అందుకని మూడు రోజులకోసారి వచ్చి చూపించుకోవాలని ఆమె చెప్పింది. ఆ తర్వాత రాజేశాన్ని ఇంకెవరికి ఇచ్చారని అడిగింది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాడు. ఊరందరికీ అన్నాడు.

చాలామందికి దీనివల్ల పెద్ద కీడేం ఉండదని ఆమె ధైర్యం చెప్పింది. కానీ రక్తం పలచబడే గోలీ వాడేవాళ్లు, బీపీకి, షుగరుకు మందులు తీసుకునేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. ఎవరు ఏం వాడుతున్నారో మీకు తెలుసా అని అడిగింది. ఎవరింట్లో ఏ పప్పు వండుతారో ఆయనకు తెలుసు. ఎవరు ఏ గోలీ మింగుతారో తెలియదు.

సంగారెడ్డి నుంచి ఇస్నాపూర్ దాకా బస్సులో రాజేశం నోట ఒక్క మాట రాలేదు. ఆ దారిలో అలా జరగడం అదే మొదటిసారి. పక్కన కూర్చున్న గులాం మొహమ్మదే చివరికి ఆయన మోకాలు మీద చెయ్యి వేశాడు.

"ఏంది సేట్, గంత సైలెంట్‌గున్నవ్? నా గడియారం చప్పుడు నాకే ఇనొస్తుంది."

"నీ ఉమ్రా నేనే ఆపిన గులాం భాయ్."

"ఆపినోనివీ నువ్వే, పట్టిచ్చినోనివీ నువ్వే. నువ్వు గొప్పలు చెప్పకుంటే డాక్టరమ్మకు ఎట్ల తెలుస్తుండె?"

ఆ మాట రాజేశానికి కొంత ఊపిరి పోసింది. కానీ ముందున్న పని ఇంకా అలాగే ఉంది. ఇచ్చిన కొసరు వెనక్కి అడగాలి. వ్యాపారస్తుల ఇళ్లల్లో అంతకు మించిన చిన్నతనం లేదు. తూకం తక్కువైందంటే కాంటా తప్పని చెప్పుకోవచ్చు. పెట్టిన చెయ్యే మళ్లీ చాపితే ఏం చెప్పుకుంటాడు? మైకు పెట్టి ఆటోలో చాటింపు వేయిస్తానని, వాట్సాప్ గ్రూపులో పెడతానని జైపాల్ ముందుకొచ్చాడు. విజయకుమారి ఒప్పుకోలేదు. "చెయ్యి చాపి ఇచ్చింది మీరు. అడిగేది గూడ మీరే" అంది. రాజేశానికీ అదే న్యాయమనిపించింది.

మర్నాడు పొద్దున గల్లా మీద ఆమెను కూర్చోబెట్టి, ఒక సంచితో బయల్దేరాడు. ఉత్త చేతులతో అడగడం చేతకాక సంచి నిండా బెల్లం ముక్కలు వేసుకున్నాడు. సోమమ్మ బండి దగ్గరికి పోయి, ఆ గోలీలు మింగావా అని మెల్లగా అడిగాడు. ఒక్కటీ మింగలేదని ఆమె గర్వంగా చెప్పింది. అంత ఖరీదైన సరుకు తనకెందుకని, కాన్పుకు వచ్చిన బిడ్డ కోసం డబ్బాలో దాచిపెట్టిందట. వచ్చే మంగళవారం నుంచి నెయ్యి అన్నంతో మొదలుపెడదామని అనుకుంటోందట.

రాజేశం సంచిని బండి అంచున దింపాడు. ఆ తర్వాత సంగతంతా చెప్పి, డబ్బా వెనక్కివ్వమన్నాడు. సోమమ్మ ఆయన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఇచ్చిన కొసరు అడుగుడేంది సేటూ? కందిపప్పు గూడ అడుగుతవా మరి? అది నిన్ననే పులుసు పెట్టిన."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. రాజేశం తల వంచుకుని డబ్బా సంచిలో వేసుకుని, బెల్లం ముక్క ఆమె చేతిలో పెట్టాడు. తనకు షుగరుందని ఆమె గుర్తుచేసింది. చేతిలోని బెల్లాన్ని ఆయన జల్దీగా వెనక్కి లాక్కున్నాడు. ఒకే మనిషి దగ్గర ఒకే పూట రెండు కొసర్లు వెనక్కి తీసుకున్న సేటు ఆయనొక్కడే అయ్యుంటాడు. అక్కణ్నుంచి ఏ గుమ్మం ముందు నిలబడ్డా, ముందు ఏమేం గోలీలు వాడుతున్నారని అడిగి, ఆ తర్వాతే సంచిలో చెయ్యి పెట్టాడు.

ఊరంతా తిరిగాడు. పిండిగిర్నీ ఆయన బీపీ మందుతోపాటు రోజూ వేసుకుంటున్నాడు. డాక్టరును అడిగే దాకా ఆపమంటే, తన కాళ్లు తేలికయ్యాయని పేచీ పెట్టాడు. ఆయన్ను ఒప్పించడానికి రెండు చాయలు పట్టింది. సెక్యూరిటీ గార్డు గోలీని సూదితో పొడిచి, లోపలి నూనె నెత్తికి రాసుకుంటున్నాడు. రంగు చూసి వెంట్రుకలకు మంచిదనుకున్నాడట. నెత్తి మీద బట్టతల వంక చూసి రాజేశం మిగిలిన నాలుగు గోలీలు కూడా వెనక్కి తీసుకున్నాడు. పూలమ్మే ఆమె తనకు తలనొప్పి నిజంగానే తగ్గిందని చెప్పింది. అది గోలీ గొప్పదనమో, కొడుకు పరీక్ష పాసైన సంతోషమో ఆమెకూ తెలియదు. ఆమెను డాక్టరును అడిగి కొనసాగించుకోమన్నాడు. చెప్పొచ్చేదేమిటంటే, ఈసారి "ఖాయం" అనే మాట ఆయన నోట రాలేదు.

ఒక గల్లీ మలుపులో గులాం మొహమ్మద్ ఎదురయ్యాడు. ఆయన కూడా ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఉమ్రాకు పోయేవాళ్లు బయల్దేరే ముందు తెలిసినవాళ్లందరి దగ్గరికీ పోయి, అన్నదీ విన్నదీ మన్నించమని అడుగుతారు. అంకె ఇంకా తేలలేదు, అయినా ఆయన అడగడం మొదలుపెట్టాడు. పోతే అందుకు పనికొస్తుంది, పోకపోతే మన్నింపు ఏమన్నా చేదా అని ఆయన లెక్క. ఆ తర్వాత ఇద్దరూ కలిసే తిరిగారు. ఒక్కో గుమ్మం ముందు ఒకరు మన్నింపు అడిగేవారు, ఇంకొకరు గోలీలు అడిగేవారు. ఇంటివాళ్లు ఎవరికి ముందు జవాబు చెప్పాలో తెలియక తికమకపడేవారు. ఒకావిడ మన్నింపు రాజేశానికి చెప్పి, బెల్లం గులాం మొహమ్మద్‌ను అడిగింది.

మొదటి పరీక్షలో అంకె కొద్దిగా పైకి కదిలింది. రెండోసారి హద్దు దాటబోతుంటే డాక్టర్ స్నేహలత పెంచిన మోతాదును దించింది. ప్రతిసారీ రాజేశం వెంట పోయి, ఆమె గది బయటే బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి పిలిచినా పోలేదు. జమాతు బయల్దేరడానికి నాలుగు రోజులుందనగా గులాం మొహమ్మద్ గదిలోంచి బయటికొచ్చి, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తాడు. రాజేశం లేచి నిలబడి, ఆస్పత్రి అని కూడా చూడకుండా ఆయన్ను కావలించుకున్నాడు. వెనకే వచ్చిన డాక్టర్ స్నేహలత అక్కడి వేడికి నీళ్లు తాగుతూ ఉండాలని, గంటల తరబడి కూర్చోకుండా విమానంలో అటూ ఇటూ నడవాలని, వచ్చాక వెంటనే పరీక్షకు రావాలని చెప్పింది. ఆ తర్వాత రాజేశం కాళ్ల గురించి అడిగింది. పది రోజులుగా ఊరంతా తిరుగుతున్నా నొప్పి లేదని ఆయన చెప్పాడు. గోలీ వల్లనా, నడక వల్లనా, మోతాదు తగ్గించినందుకా అని ఆమె అడిగింది.

"తెలవదు డాక్టరమ్మా" అన్నాడు. గులాం మొహమ్మద్ ఆ మాటను ఊళ్లో అందరికీ చెప్పాడు, ఎవరూ నమ్మలేదు.

బయల్దేరిననాడు మసీదు ముందు టెంపో ఆగింది. సర్వర్ బేగం కిటికీ పక్కన సీటు పట్టుకుని కూర్చుంది. గులాం మొహమ్మద్ ఒక్కొక్కరినీ పలకరిస్తూ చివరికి రాజేశం ముందుకొచ్చాడు. కహా సునా మాఫ్ కర్నా అన్నాడు. ఊళ్లో అందరినీ అడిగి, ఈయన్ను మాత్రం చివరిదాకా ఉంచాడు. రాజేశానికి మన్నించడం తెలుసు గానీ మన్నింపు అడగడం అలవాటు లేదు. మెడలో తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"నువ్వు గూడ నన్ను... గంతే గులాం భాయ్. నలభై ఏండ్ల కెల్లి నిన్ను కంటికి రెప్పలెక్క చూసుకున్న. ఒక్క రెండు నెలలు తప్పిన."

"రెండు నెలలే గద సేట్. మాఫ్" అని గులాం మొహమ్మద్ బండెక్కాడు. సర్వర్ బేగం కిటికీలోంచి, భయ్యా పేరు మీద కూడా దువా చేస్తానని, కాళ్ల గురించి ప్రత్యేకంగా అడుగుతానని చెప్పింది.

వారం తర్వాత ఒక సాయంత్రం దుకాణంలో జనం నిండుగా ఉన్నప్పుడు రాజేశం ఫోన్ మోగింది. వీడియో కాల్. ఆయన కాంటా మీద పంచదార వదిలేసి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. తెల్లబట్టలో గులాం మొహమ్మద్, గుండు చేయించుకుని, మొహమంతా చెమటతో కనిపించాడు. వెనక సముద్రంలా జనం. ఉమ్రా పూర్తయిందని, ఏడు చుట్లూ తన కాళ్ల మీదే తిరిగానని, గుట్టల నడుమ నడక కూడా ఆగి ఆగి ముగించానని, సర్వర్ బేగం తనకన్నా ముందే ముగించి నీళ్లు పట్టుకుని నిలబడిందని చెప్పాడు. రాజేశం ఫోన్‌ను దుకాణంలో ఉన్న ప్రతివాళ్ల మొహం ముందుకూ తిప్పాడు. పంచదార కొనడానికి వచ్చిన ఒడియా కుర్రాడికి కూడా చూపించి, ఈయన మా గులాం భాయ్ అని, ఈయన గుండెలో లోహం ఉందని, ఈయన పరుపు మీదే నువ్వు పడుకుంటున్నావని చెప్పాడు. ఆ తర్వాత ఫోన్ మళ్లీ దగ్గరికి తీసుకున్నాడు.

"కాళ్లు నొప్పి పెట్టినయా గులాం భాయ్?"

"పెట్టినయి సేట్. మస్తు పెట్టినయి" అన్నాడు గులాం మొహమ్మద్, ఏడుస్తూ నవ్వుతూ. "పెట్టనియ్యి."